రొట్టె మీదికి ఏముంది? కర్నూలు నుంచి బద్వేలు దాకా

బద్వేలు ప్రయాణం ఖాయమైన రోజున మావారు సంతోషించారు, నేను దిగులుపడ్డాను. పెండ్లి ఆయన అక్క రూతమ్మగారి ఒక్కగానొక్క కూతురిది. తల్లి పోయాక మావారిని చంకనేసుకొని పెంచింది ఆ అక్కే. అలాంటి ఇంట్లో పెండ్లంటే పొట్టేళ్ళు తెగుతాయి. తమ్ముడి విస్తట్లో వదిన తన చేత్తోనే వడ్డిస్తుంది. మావారేమో మాంసం ముట్టకూడని మనిషి.

ముట్టకూడదన్నది డాక్టరుగారి మాట. మావారు దేవసహాయం కర్నూలు కాలువ మీద మేస్త్రీ. రోజూ కట్ట వెంబడి నడిచి తూములు, గండ్లు చూసుకోవలసిన ఉద్యోగం. వానలు వెళ్ళిపోయిన రోజుల్లో ఆయన కుడికాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి, దుప్పటి అంచు తగిలినా కేకపెట్టేంత నొప్పి వచ్చింది. ఆసుపత్రికి బండిలో వేసుకొని పోయాం. డాక్టరుగారు వేలు చూసి, "ఇది వాతరక్తం. మాంసం, కార్జం, ఎండుచేప మానాలి. నెలా రెణ్ణెల్లు కాదు, ఇక మీదట" అన్నారు.

"మానకపోతే?" అన్నారు మావారు.

"కాలువ కట్ట మీద మీరు నడవరు. ఇంకొకరు నడుస్తారు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో మాంసం ఆగిపోయింది. అసలు చిక్కు అక్కడే మొదలయింది. నాది ఒంగోలు వైపు. అన్నం తిని పెరిగినదాన్ని. పెండ్లయి ఈ సీమకు వచ్చాక జొన్నరొట్టె తట్టడం నేర్చుకున్నాను గాని, మాంసం కూరో ఎండుచేపో లేకుండా రొట్టె మీదికి ఏం చేయాలో నాకు తెలియదు. నాకు తెలిసినవన్నీ అన్నంలోకి కలుపుకొనేవి. బీరకాయ పులుసు పోస్తే రొట్టె నాని ముద్దయ్యేది. దొండకాయ వేపుడు పెడితే జారి కంచంలో పడేది. మావారు రెండు తుంపులు తిని చేయి కడిగేసేవారు.

"నమిలేదానికి ఏమీ లేదు కరుణా. గాలి తిన్నట్ల ఉండాది" అనేవారు.

మూడు నెలలకు ఆయన బుగ్గలు లోపలికి పోయాయి. చొక్కా భుజాల మీద వేలాడసాగింది. ఆకలి తట్టుకోలేక రెండుసార్లు ఎక్కడో స్నేహితుల ఇళ్ళలో మాంసం తిని వచ్చారు. రెండుసార్లూ తెల్లవారేసరికి వేలు వాచింది. తింటే కాలు పోతుంది, తినకపోతే మనిషే పోయేటట్టున్నాడు. ఈ రెంటి మధ్యన మేము పెండ్లికి బయలుదేరాం.

చలి తగ్గి ఎండలు ఇంకా ముదరని రోజులు. పొద్దున బండికి కర్నూలు స్టేషనుకు చేరాం. యుద్ధం రోజులు కావడంతో బండ్లు తగ్గించారు, ఉన్న బండ్లలో కాలు పెట్టే చోటు లేదు. ఈ దారిన పోదలచినవారు ఒక గంట ముందే స్టేషనుకు వెళ్ళడం మంచిది. మాకు కిటికీ పక్క బల్ల మీద చోటు దొరికింది. మా ఎదురుగా ముసలి తురక స్త్రీ ఒకామె కూర్చుంది. పేరు ఖాజాబీ అని మాటల్లో తెలిసింది. కూతుర్ని చూసి బేతంచెర్లకు తిరిగి పోతూ ఉంది. వాళ్ళ ఇంట్లో మగవాళ్ళంతా నాపరాళ్ళు కొట్టే పనిలో ఉన్నారట.

వెల్దుర్తి దాటాక నేను సద్ది విప్పాను. రొట్టెలు, మా పుట్టింటి ఆవకాయ. మావారు ఒక తుంపు విరిచి, దాని వైపు చూస్తూ కూర్చున్నారు.

ఖాజాబీ కాసేపు చూసి, "ఏమప్పా, రొట్టెతో కొట్లాట పెట్టుకున్నావే?" అంది.

పక్కన ఉన్నవాళ్ళు నవ్వారు. మావారికి కూడా నవ్వు వచ్చింది. నేను జబ్బు సంగతి చెప్పాను. ఆమె తన మూట విప్పి, చిన్న పిడతలోంచి ఏదో చిక్కటి ముద్దను చేత్తో తీసి మావారి రొట్టె మీద మెత్తి, "ఇది తిను" అంది.

మావారు తిన్నారు. నములుతూ నములుతూ నా వైపు తిరిగారు. ఆ రొట్టె పూర్తిగా తిని, అడక్కుండానే ఇంకొకటి తీసుకున్నారు. ఖాజాబీ ఇంకా కొంత పెట్టింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నాను.

"బుడ్డల కారం" అంది. ఆ వైపు వేరుసెనగను బుడ్డలు, వెల్లుల్లిని తెల్లగడ్డ, ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారు. "బుడ్డలు మాడకుండా ఏంచి పొట్టు చెరగల్ల. పచ్చిమిరపకాయలు నిప్పుల్లో కాల్చల్ల. తెల్లగడ్డ, ఉప్పు, ఇంత చింతపండు వేసి రోట్లో దంచు. మెత్తగా నూరొద్దు, చెడిపోతాది. పప్పు రెండు ముక్కలో మూడు ముక్కలో అయితే శాలు. కడాకు ఎర్రగడ్డ వేసి రెండు పోట్లు."

"మీరు రోజూ ఇదే తింటారా?"

ఆమె నవ్వింది. "తురకోళ్ళు దినామూ మాంసం తింటారనుకుంటారు అందరూ. రాళ్ళు కొట్టేటోని ఇంట్లో యాడనుంచి వస్తాదమ్మా మాంసం? పండక్కు తింటాం. కడమ దినాలు ఇదే. మా మగోళ్ళు దీంతోనే సమ్మెట ఎత్తుతాండారు."

నేను ఇన్నాళ్ళూ పచ్చళ్ళను మెత్తగా, వెన్నలా నూరి పెడుతూ వచ్చాను. మెత్తన ఎంత బాగా వస్తే అంత పనిమంతురాలినని మా అమ్మ నేర్పింది. రొట్టె తినే మనిషికి పళ్ళకు పని కావాలని ఆ రైలుపెట్టెలో మొదటిసారి తెలిసింది.

ద్రోణాచలంలో బండి మారాలి. నంద్యాల వైపు బండి ఆలస్యం. ఖాజాబీ మమ్మల్ని నీడ ఉన్న చోట కూర్చోబెట్టి, తన సామాను మాకు అప్పగించి, నీళ్ళు తెచ్చిపెట్టింది. బేతంచెర్లలో దిగేటప్పుడు ఆ పిడతను నా ఒళ్ళో పెట్టి, "మళ్ళా వచ్చినప్పుడు ఇద్దువులే" అని వెళ్ళిపోయింది. ఆమె ఇల్లు ఎక్కడో మాకు తెలియదు, మేము మళ్ళీ ఎప్పుడు వస్తామో ఆమెకు తెలియదు. ఈ సీమలో ఇచ్చే మనిషి తీసుకొనేవారిని చిన్నబుచ్చకుండా ఇచ్చే పద్ధతి అది.

పొద్దు వాలాక నంద్యాల చేరాం. మాకు తెలిసిన పాస్టరుగారి ఇంట బస. వాళ్ళు మర్యాద చేయబోయి, దొరకని బియ్యం ఎక్కడో సంపాదించి అన్నం వండి, ఉర్లగడ్డ కూర చేశారు. నాకు ప్రాణం లేచివచ్చింది గాని మావారికి ఎక్కలేదు. మర్యాదకు తిన్నారు. ఊరు మాత్రం చూడదగ్గది. చుట్టూ పసుపు తోటలు, దూరాన నల్లమల నీలంగా కనిపిస్తుంది.

మరునాడు పొద్దున్నే మైదుకూరు బస్సు. పెట్రోలు కరువు కదా, అన్నీ బొగ్గు బస్సులే. వెనక ఒక పెద్ద పీపా, దాని కింద నిప్పు. కండక్టరు చేతిపిడి తిప్పి తిప్పి చెమటలు కక్కుకున్నాక బస్సు దగ్గి కదిలింది. ఎత్తు వస్తే దిగి నడవాలి. ఈ బస్సు ఎక్కేవారు తెల్లబట్టలు కట్టుకోకపోవడం మేలు. చాగలమర్రి చేరేసరికి నా చీర రంగు చెప్పలేకపోయాను.

చాగలమర్రిలో బొగ్గు నింపడానికి బస్సు ఆగింది. వేపచెట్టు నీడన కూర్చున్నాం. మా పక్కన ఒక నడివయసు స్త్రీ, పేరు నాగమ్మ. మైదుకూరు దగ్గర ఊరిలో మగ్గాలు నేసే ఇల్లు. చీరల మూట పక్కన పెట్టుకొని కూర్చుంది.

"మీరు ఏమిటోళ్ళమ్మా?" అని అడిగింది.

"కిరస్తానీలం" అన్నాను.

"అట్లనా" అని మూటను తన వైపుకు కొంచెం జరుపుకొంది. నాకు కొత్త కాదు గనక పట్టించుకోలేదు. కాని ఆమె మాట మానలేదు. మావారు ఖాజాబీ పిడతలోని కారాన్ని రొట్టెకు మెత్తుకొని తినడం చూసి, "అప్ప మాంసం మానినాడా?" అంది.

నేను ఆశ్చర్యపోయాను. "ఎట్లా తెలిసింది?"

"కారం అంతంత మెత్తుకుంటాండాడు గదా. మా ఇంట్లో ఆయనా మొదట్లో అట్లే చేసినాడు. మా మామ పోయినేడు గురువుకు మాటిచ్చి మానినాడు. పెద్దాయన మానితే ఇంటిల్లిపాదీ మానల్ల గదా. మొదటి నెల మా ఆయన గోడకు మొగం పెట్టుకొని కూర్చునె. నాకు ఏడుపు వచ్చేది."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నేను మళ్ళా తెచ్చి వండుతానన్నా ఆయనే ఒద్దంటాడు. ఉలవలు అలవాటు చేసినా. ఉలవలు నానేసి, ఉడకేసి, సగం మెదపల్ల, సగం గింజ గింజగా ఉంచల్ల. తెల్లగడ్డ, ఎండుమిరపకాయ నూనెలో మాడనిచ్చి దాంట్లో వేసి కలియబెట్టు. నీళ్ళుండగూడదు. రొట్టె మీద పరిచి మడిచిపెట్టినామంటే, మగ్గం గుంటలో కూర్చున్నోడు ఒక చేత్తో పట్టుకొని తింటాడు. చేయి కడిగే పని లేదు, నూలుకు మరక కాదు. ఒకటి తింటే పొద్దు వాలేదాకా ఆకలి అనడు."

మావారు ఇంతవరకు వినీ విననట్టు ఉన్నవారు ఇటు తిరిగారు. "కడుపు నిండుతాదా నిజంగా?" అన్నారు.

నాగమ్మ తన సద్ది విప్పింది. బాదం ఆకు ఒకటి మా ముందు పరిచి, మడిచిన రొట్టె ఒకటి, చేయి తగలకుండా పైనుంచి దాని మీద వదిలింది. ఆ ఎత్తు చూసి నా మనసు చివుక్కుమన్నది. కాని మూటలో ఉన్నవి మూడే రొట్టెలు, ఆమె ఇంకా పూట ప్రయాణం చేయాలి. ఆ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. మావారు రొట్టెను చెరిసగం చేసి నాకిచ్చారు. ఉలవల కమ్మదనం, మాడిన తెల్లగడ్డ వాసన, పంటి కింద గింజ. అంత గట్టి రుచి నేను కాయగూరల్లో ఎరగను.

"బాగుండాదమ్మా. శానా బాగుండాది" అన్నారు మావారు.

"మొదటి నెల గడిస్తే శాలప్పా" అంది నాగమ్మ. "నోరు ఏడుస్తాది. ఏడవనీ. కడుపును మాత్రం ఏడిపించొద్దు."

ఆ మాట నేను ఈ రోజుకూ, కొత్తగా మాంసం మానినవారు ఎవరు కనిపించినా చెబుతాను.

మైదుకూరులో ఆమె దిగిపోయింది. బద్వేలు బస్సు రావడానికి చాలాసేపు పట్టింది. సత్రం ఉందిగాని మాకు అందులో చోటులేదు. రోడ్డు పక్క కానుగచెట్టు కింద పెట్టె మీద కూర్చున్నాం. బస్సు ఎక్కాక, కొండల మధ్య దారి మొదలయ్యాక, మావారు నెమ్మదిగా అన్నారు.

"అక్కకు ఏమీ చెప్పొద్దు."

"ఎందుకు చెప్పకూడదు?"

"కూతురి పెండ్లి పెట్టుకొని ఉండాది. నా జబ్బు చెప్పి ఏడిపించనా? అక్క పెడితే తింటా. ఒక్కపూటకు ఏమైతాది?"

"పోయినసారీ ఒక్కపూటే."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "నా చిన్నప్పుడు కరువొచ్చింది. అక్క తన నోటికాడిది తీసి నాకు పెట్టింది. ఆ చేయి పెడితే ఒద్దని యట్ల అనేది చెప్పు" అన్నారు.

నేను చెప్పేస్తే ఆయనకు కోపం, చెప్పకపోతే కాలు. దీపాలు పెట్టే వేళకు బద్వేలులో దిగాం.

రూతమ్మ వదినను చూస్తే ఎవరికైనా గౌరవం పుడుతుంది. పొడుగాటి మనిషి, ఎండకు కాగిన మొహం, పెద్ద గొంతు. భర్తతో సమానంగా గుంటక తోలి, ఉన్న నాలుగెకరాల మెట్టను నిలబెట్టుకున్న మనిషి. వాకిట్లోనే తమ్ముణ్ణి పట్టుకొని, "ఏమబ్బీ, ఇట్ల చిక్కిపోయినావే? ఈ అమ్మి బువ్వ పెట్టలేదా నీకు?" అని నా వైపు చూసింది. నవ్వుతూనే అంది గాని నాకు గుచ్చుకుంది. మావారు నా కళ్ళలోకి చూసి, చెప్పొద్దన్నట్టు తల ఊపారు.

పెండ్లి మరునాడు గుడిలో జరిగింది. చిన్న గుడి, సున్నం కొత్తగా వేశారు. పల్లెల నుంచి కూలీనాలీ జనం, చిన్న రైతులు, ఉన్నవాటిలో శుభ్రమైన బట్టలు కట్టుకొని వచ్చారు. పాటలు పాడేటప్పుడు ఒక్కరి చేతిలోనూ పుస్తకం లేదు. అందరికీ నోటికే వచ్చు. ఎస్తేరు, అంటే పెండ్లికూతురు, ప్రమాణం చెప్పింది. రూతమ్మ వదిన ముందు వరసలో నిటారుగా నిలబడి, కొంగు కూడా కళ్ళకు అద్దుకోకుండా కన్నీళ్ళు కార్చింది.

గుడి నుంచి రాగానే పందిట్లో పంక్తులు వేశారు. జొన్నరొట్టెలు, సంగటి, పొట్టేలు కూర. మసాలా వాసన వీధి చివరిదాకా ఉంది. వదిన గిన్నె పట్టుకొని నేరుగా మావారి విస్తరి దగ్గరికి వచ్చింది.

"నీకని కార్జం ఏరిపెట్టినా అబ్బీ" అని గరిటె ముంచింది.

నేను ఆడవాళ్ళ పంక్తిలోంచి చూస్తూ ఉన్నాను. లేచి వెళదామా అనుకున్నాను. మావారు విస్తరి మీద చేయి అడ్డం పెట్టారు.

"ఒద్దక్కా."

గరిటె గాల్లో ఆగిపోయింది. "ఏమన్నావు?"

"నాకొద్దు."

"నా బిడ్డ పెండ్లిలో, నా చేత్తో పెడితే ఒద్దంటావా?" వదిన గొంతు పందిరంతా వినిపించింది. పక్కవాళ్ళు తినడం ఆపి చూశారు. "నిన్ను సాకిన చేయిరా ఇది."

"ఆ చేయి పట్టుకొని నడిచిన కాళ్ళు పోతాండాయక్కా" అన్నారు మావారు. "డాక్టరు మానమన్నాడు. మానకపోతే నౌకరీ పోతాది. నీతో చెప్పొద్దని దోవలో కరుణకు నేనే చెప్పినా. తిందామనే కూర్చున్నా. నీ మొగం చూసినాక నీకు అబద్ధం చెప్పి తినలేకపోయినా."

వదిన గిన్నెను పక్కన ఉన్న ఎవరి చేతిలోనో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పంక్తిలో గుసగుసలు లేచాయి. పెండ్లివారి వైపు పెద్దమనిషి ఒకాయన, "పెండ్లికూతురి తల్లి అలిగితే ఎట్లప్పా" అన్నాడు. మావారు తల వంచుకొని ఉత్త రొట్టె తుంచుతూ కూర్చున్నారు.

నేను లేచి లోపలికి పోయాను. వదిన ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. ఆమె అటక మీద నుంచి ఒక కుండ దించుతూ ఉంది.

"నువ్వయినా ఒక మాట చెప్పకూడదా అమ్మీ?" అంది నన్ను చూసి. "నీ మీద అంత మాటన్నానే నేను. పొయ్యి రాజెయ్."

కుండలో నల్లగా ముడుచుకుపోయిన తోలుముక్కల్లాంటివి ఉన్నాయి. వంకాయ వరుగులు. కాయలు ముదిరే రోజుల్లో చీలికలు కోసి, ఉప్పునీళ్ళలో ఒక పొంగు రానిచ్చి, మండుటెండలో ఎండబెట్టి దాచుకుంటారు. వదిన వాటిని మరిగే నీళ్ళలో వేసి, మెత్తబడ్డాక నీళ్ళు గట్టిగా పిండింది. నూనె కాచి పొట్టు తీయని తెల్లగడ్డలు వేసి, ఆ ముక్కలను ఎర్రగా వేయించింది. పెండ్లి వంటకు నూరిన మసాలా ముద్ద తెచ్చి కలిపింది. ఆఖరున వేయించిన నువ్వులు దంచి చల్లింది. నూనె పైకి తేలేదాకా పొయ్యి దగ్గరనుంచి కదలలేదు. బయట పిలుపులు వస్తూనే ఉన్నాయి. "పెండ్లికూతురి తల్లి యాడుండాది?" అని ఎవరో అరిచారు. "పొయ్యి కాడ ఉండాది" అని తనే బదులిచ్చింది.

మేము బయటికి వచ్చేసరికి మొదటి పంక్తి లేచిపోయింది. మావారు ఒక్కరే విస్తరి ముందు కూర్చొని ఉన్నారు, లేస్తే అక్కను అవమానించినట్టవుతుందని. వదిన ఎదురుగా కూర్చొని, రొట్టె మీద ఆ ముక్కలు పరిచి, మడిచి చేతికిచ్చింది.

మావారు కొరికారు. నమలడం ఆపారు. రొట్టె విప్పి చూశారు.

"అక్కా, ఇవి తునకలు గదా. కరువప్పుడు అమ్మ పెట్టిన ఎండుమాంసం తునకల మాదిరుండాయి."

"కరువులో మాంసం యాడిదిరా?" అంది వదిన. "ఒకదినం నువ్వు తునకలు కావల్లని నేలబడి ఏడిస్తే, అమ్మ ఈ వరుగులు చేసి, తునకలే తిను నాయనా అని పెట్టింది. నువ్వు నమ్మినావు. ఊరంతా తిరిగి చెప్పినావు, మా ఇంట్లో తునకల కూర అని. అమ్మ పోయినాక నేనూ అట్లే చేసి పెట్టినా. నువ్వు పెద్దోడివై నౌకరీ చేసి నిజం మాంసం కొనుక్కునేదాకా తినిందంతా వంకాయే."

ముద్ద నోట్లో ఉండగానే మావారు నవ్వారు, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. వదిన ఆయన వీపు నిమిరి, "తిను, సల్లారిపోతాది" అంది. తనకూ ఒక రొట్టె తీసుకుంది.

"నువ్వు కూర తిను అక్కా, నీ బిడ్డ పెండ్లి" అన్నారు మావారు.

"నా తమ్ముడు తినంది నాకేం రుచి" అని ఆమె ఆ వంకాయ వరుగే తిన్నది. ఇదంతా చూస్తున్న పెండ్లివారి పెద్దమనిషి వచ్చి, "అదేందో మాకూ కొంచెం పెట్టమ్మా" అని కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకొందరు చేరారు. బాణలి ఖాళీ అయింది. మావారు నాలుగు రొట్టెలు తిన్నారు. నేను ఆ నెలల్లో మొదటిసారి నెమ్మదిగా కూర్చొని తిన్నాను.

పెండ్లి తరవాత కొన్నాళ్ళు అక్కడే ఉన్నాం. మావారు పొద్దున్నే బావగారితో చేనికి నడిచిపోయేవారు. వేలు వాపు లేదు. వదిన నాకు కొర్రరొట్టె మీదికి మటిక్కాయలనే గోరుచిక్కుళ్ళ నువ్వుపొడి కూర, సజ్జలతో చేసే సద్దరొట్టె మీదికి వెన్నా ఎర్రకారం చేయడం చూపించింది. నాకు బాగా రానిదాన్ని మళ్ళీ చేయించేది. అక్షరం రాని మనిషి గాని, నేర్పడంలో ఓపిక మా బడిపంతులమ్మలకు లేనంత.

తిరుగు ప్రయాణం కడప మీదుగా పెట్టుకున్నాం. బద్వేలు నుంచి పొద్దున బయలుదేరిన బొగ్గు బస్సు పెన్న దాటి మధ్యాహ్నానికి కడప చేర్చింది. నదిలో ఇసుకే ఎక్కువ, ఒక పక్కన సన్నని నీటి పాయ. కడప స్టేషనులో బొంబాయి బండి సిపాయిలతో కిక్కిరిసి వచ్చింది. వాళ్ళే మా పెట్టెను కిటికీలోంచి లోపలికి లాగి, మమ్మల్ని కూర్చోమని లేచి నిలబడ్డారు.

గుంతకల్లులో బండి మారడానికి దిగాం. ఆకలి వేస్తోంది, మా రొట్టెలు ఆ పూటకే అయిపోయాయి. టీ దుకాణంలో డబల్ రొట్టె ముక్కలు బొగ్గుల మీద కాల్చి వెన్న రాసి అమ్ముతున్నారు. మావారు నాలుగు తీసుకొని, వదిన కట్టిచ్చిన వరుగుల కూర డబ్బా తెరిచి వాటి మీద పరిచారు. నేను అడ్డుపడ్డాను, దొరలు తినే రొట్టె మీద ఇది ఏం బాగుంటుందని. బాగుంది. కరకరలాడే రొట్టె, వెన్న, నువ్వుల మసాలా. టీ పోసే సాయిబు వంగి చూసి, "ఇది ఏం గోష్ సాబ్?" అన్నాడు, అది మాంసమనుకొని.

"వంకాయ గోష్" అన్నారు మావారు. ఆయనకూ ఒక ముక్క పెట్టారు. సాయిబు తిని, ఒట్టు పెట్టమన్నాడు. మావారు ఒట్టు పెట్టారు.

ద్రోణాచలం మీదుగా కర్నూలు పోయే బండిలో ఒక కుటుంబం మా ఎదుట సద్ది విప్పింది. మూత తీయగానే పెట్టె అంతా మాంసం కూర వాసన. మావారు మాట ఆపి కిటికీ వైపు తిరిగారు. నేను గమనించనట్టు ఉన్నాను.

ఆయనే ఇటు తిరిగి అన్నారు. "వాసన బాగుండాది కరుణా. లేదనను."

"కష్టంగా ఉందా?"

"ఉండాది. అయితే ఆకలి లేదు. ఆకలి లేనోనికి అది ఉత్త వాసనే."

నేను ఈ సీమకు కాపురానికి వచ్చినప్పుడు ఇది రాళ్ళ దేశమని, ఇక్కడ తినడానికి ఏముందని మా పుట్టింటివారు జాలిపడ్డారు. నేనూ లోలోపల అలాగే అనుకుంటూ వచ్చాను. ఈ ప్రయాణంలో చూసింది వేరు. వాన నమ్మకం లేని నేల మీద ఈ స్త్రీలు బుడ్డ గింజను, ఉలవను, ఎండిన వంకాయను పట్టుకొని, రాళ్ళు కొట్టే చేతులకూ మగ్గం నేసే చేతులకూ చాలినంత బలం ఒక రొట్టె మీద పెడుతున్నారు. ఈ దారిన పోయేవారు హోటళ్ళు వెతకనక్కరలేదు. పక్కన కూర్చున్నవారిని, రొట్టె మీదికి ఏం చేసుకుంటారమ్మా అని అడగండి. వంట చెప్పని మనిషి నాకు ఎదురుకాలేదు. పెట్టకుండా ఒట్టి మాటలు చెప్పి పంపిన మనిషీ ఎదురుకాలేదు.

కర్నూలు దగ్గరపడేసరికి బాగా పొద్దుపోయింది. ఎదుటి కుటుంబంలోని పెద్దాయన చేయి కడుక్కొని వచ్చి, మీరేమప్పా ఏమీ తినలేదు అని మావారిని పలకరించాడు. మావారు ముందుకు వంగి కూర్చొని, "మీ ఊర్లో ఉలవలు పండుతాయా పెద్దాయనా?" అని మొదలుపెట్టారు. స్టేషను వచ్చేదాకా ఆపలేదు.